ఛాతీలో గుంట, వంగిన వీపు, ఆయాసం: ఆర్మీకి సిద్ధమవుతున్న తమ్ముడి గురించి అడిగినవారికి

మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్తాను. తమ్ముడికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం, ఊరు ఆమదాలవలస దగ్గర. ఛాతీ మధ్యలో చిన్నప్పటి నుంచీ కొంచెం లోపలికి ఉండేది, ఈ మధ్య ఒక్కసారిగా పొడుగు పెరిగేసరికి గుంట బాగా కనిపిస్తోంది. భుజాలు ముందుకు వాలాయి, మెడ ముందుకు వచ్చింది, మనిషి సన్నగానే ఉన్నా పొట్ట ముందుకు ఉంటోంది. రన్నింగ్‌లో తోటివాళ్ల కంటే ముందే ఆయాసం వస్తోంది, ఒక్కోసారి గుండె దడ. ఇంట్లో పొద్దున్న లేచింది మొదలు "నిటారుగా నిలబడరా" అంటున్నారు. నిటారుగా ఉంటే గుంట పోతుందా, ఆయాసం తగ్గుతుందా, ఆర్మీకి పనికొస్తాడా అని అడిగారు.

నేను శ్రీకాకుళంలో చాలా ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను, ఇలాంటి కుర్రాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. సూటిగా చెప్పాలంటే గుంట వ్యాయామంతో పోదు. వంగుడు మాత్రం పోతుంది. ఆయాసంలో కొంత తగ్గుతుంది, ఎంత తగ్గుతుందన్నది గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు చేయిస్తేనే తెలుస్తుంది. ఈ మూడింటినీ కలిపేసి "వంగి కూర్చుని కూర్చుని ఛాతీ లోపలికి పోయింది" అనుకుంటారు చాలా ఇళ్లలో. అది నిజం కాదు. పిల్లాడిని తిట్టడం ఇక్కడే మొదలవుతుంది కాబట్టి ముందు దీని గురించే చెప్తాను.

రొమ్ము ఎముకని పక్కటెముకలతో కలిపే మృదులాస్థి పెరుగుదలలో తేడా వల్ల ఈ గుంట వస్తుంది. దీన్ని డాక్టర్లు పెక్టస్ ఎక్స్‌కవేటమ్ అంటారు. రిపోర్టులో ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి. ఆడపిల్లల్లో కంటే మగపిల్లల్లో ఎక్కువ, దాదాపు మూడు నాలుగు రెట్లు. చాలా కుటుంబాల్లో మేనమామకో చిన్నాన్నకో కూడా ఉంటుంది, అడిగితేగాని బయటపడదు. పుట్టినప్పుడు చిన్నగా ఉండి, పన్నెండు పదమూడేళ్ల తర్వాత పొడుగు సాగే వయసులో లోతు పెరుగుతుంది, మీ తమ్ముడికి జరిగింది అదే. పసివాడిగా ఉన్నప్పుడు నూనె రాసి సరిగ్గా నలుగు పెట్టలేదని, బోర్లా పడుకోబెట్టారని వాళ్లమ్మని అనేవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు. ఒక తల్లి నా ఎదురుగా కూర్చుని ఆ మాట చెప్తూ కళ్లు తుడుచుకుంది. అమ్మ తప్పు ఇందులో ఏమీ లేదు, ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకి గట్టిగా చెప్పండి.

మరి వంగుడు ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కువభాగం దాచుకోవడం నుంచి. చొక్కా విప్పాల్సిన చోట కుర్రాడు ఏం చేస్తాడో చూడండి. నాగావళిలో స్నేహితులందరూ దిగితే తను గట్టు మీదే బట్టలకి కాపలా ఉంటాడు. ఎండాకాలంలో కూడా చొక్కా కింద బనియన్ వేసుకుంటాడు, చొక్కా ఒక సైజు పెద్దది కావాలంటాడు. కాలేజీ బ్యాగు వీపుకి కాకుండా ఛాతీకి అడ్డంగా పెట్టుకుంటాడు. నా దగ్గర పరీక్షకి చొక్కా విప్పమంటే ముందు రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా కట్టుకుని నిలబడతారు, ఆ చేతులు కిందికి దించడానికి కాసేపు పడుతుంది. భుజాలు ముందుకు తెచ్చుకుంటే గుంట ఎవరికీ కనిపించదని వాళ్ల ఆలోచన. నిజానికి భుజాలు ముందుకు వాలినకొద్దీ గుంట ఇంకా లోతుగా కనిపిస్తుంది, కింది పక్కటెముకలు బయటికి పొడుచుకొస్తాయి, పొట్ట వదులై ముందుకు వస్తుంది. సన్నటి పిల్లాడికి బొజ్జ ఎందుకొచ్చిందని మీరు అడిగారు కదా, అది కొవ్వు కాదు, ఈ భంగిమ వల్ల అలా కనిపిస్తోంది.

మన జిల్లాలో ఈ దాచుకోవడం ఇంకాస్త ఎక్కువ. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని ఊపిరి బిగించి తెంపేసేవాడని వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గురించి వింటూ పెరిగిన పిల్లలు మనవాళ్లు, శ్రీకాకుళంలో ఆయన పేరున స్టేడియం కూడా ఉంది, ఊరికి పదిమంది ఆర్మీలో ఉంటారు, ఛాతీ అంటే మగవాడి పరువు అన్నట్టు చూస్తారు. అలాంటి చోట ఛాతీలో గుంట ఉన్న పదహారేళ్ల కుర్రాడి మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి. అందుకే "నిటారుగా నిలబడు" అన్న మాట వాడికి "నీ గుంట అందరికీ చూపించు" అన్నట్టు వినిపిస్తుంది. ఆ మాట ఈ రోజు నుంచి మానేయమని ఇంట్లో వాళ్లకి చెప్పండి. ఏం చేయాలో కింద రాస్తాను.

వంగుడు అంతా అలవాటే అని కూడా తీర్మానించేయకూడదు. ఛాతీ ఎముకల్లో తేడా ఉన్న పిల్లల్లో కొందరికి వెన్నెముక కూడా పక్కకి వంగి ఉంటుంది, దాన్ని స్కోలియోసిస్ అంటారు. ఇంట్లోనే చూడొచ్చు. చొక్కా లేకుండా కాళ్లు దగ్గరగా పెట్టి, మోకాళ్లు వంచకుండా, రెండు అరచేతులు కలిపి ముందుకి వంగమనండి. మీరు వెనక నిలబడి చూడండి. వీపు ఒక పక్క రెండో పక్క కంటే ఎత్తుగా లేస్తే ఎక్స్‌రే తీయించాల్సిందే. రెండోది, చాప మీద బోర్లా పడుకుని చేతుల ఊతం లేకుండా తలా ఛాతీ పైకి ఎత్తమనండి. గూని అప్పుడు చదునైపోతే అది అలవాటు వల్ల వచ్చింది, మంచి మాట. అలా ఎత్తినా మధ్య వీపులో గూని గట్టిగా అలాగే ఉంటే వెన్నుపూసల ఆకారంలోనే తేడా ఉండొచ్చు, ఎముకల డాక్టర్ చూడాలి. మూడోది గోడ పరీక్ష. మడమలు గోడకి కాస్త ముందు, పిరుదులు, వీపు గోడకి ఆనించి మామూలుగా నిలబడమనండి, గడ్డం పైకి ఎత్తకుండా తల వెనక భాగం గోడకి తగలాలి. తగలకపోతే ఎన్ని వేళ్ల సందు ఉందో రాసి పెట్టుకోండి, నెల నెలా పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఇప్పుడు ఆయాసం సంగతి. ఈ పిల్లలకి అన్యాయం జరిగేది ఇక్కడే. కుర్రాడు ఆయాసం అంటాడు, డాక్టర్ దగ్గర కూర్చోబెట్టి ఊదిస్తే ఊపిరితిత్తుల రిపోర్టు నార్మల్ లేదా కొంచెం తక్కువ అని వస్తుంది, ఇంటికొచ్చాక "ఏమీ లేదన్నారు, బద్ధకం" అంటారు. కూర్చుని ఉన్నప్పుడు నార్మల్‌గా ఉండి పరుగులో ఇబ్బంది పడటం ఈ సమస్యలో మామూలే. గుంట లోతుగా ఉంటే రొమ్ము ఎముక గుండెని ఎడమ పక్కకి నెడుతుంది, గుండె కుడి గదుల మీద ఒత్తిడి పడుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు అది తెలియదు. పరుగెత్తినప్పుడు గుండె ఎక్కువ రక్తం నింపుకుని తోయాలి కదా, అక్కడ చోటు చాలదు, అందుకని వేగంగా కొట్టుకుని లోటు పూడ్చుకోవాలని చూస్తుంది. దడ అని వాడు చెప్పేది అది కావొచ్చు. దీనికి తోడు వంగి ఉన్న ఛాతీలో పక్కటెముకలు సరిగ్గా విచ్చుకోవు, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరం పూర్తిగా దిగదు, మెడ కండరాలతో పైపైన ఊపిరి పీలుస్తారు. ఈ రెండో భాగాన్ని మనం మార్చగలం. ఇంకోటి, మొత్తం ఆయాసాన్ని గుంట మీదకే తోసేయకండి, హిమోగ్లోబిన్ కూడా చూపించండి. రక్తం తక్కువున్న కుర్రాడికి ఎంత వ్యాయామం చేయించినా ఆయాసం అలాగే ఉంటుంది.

నొప్పుల గురించి మీరు రాయలేదు గానీ అడిగి చూడండి. రొమ్ము ఎముక పక్కన వేలితో నొక్కితే నొప్పి, రెక్కల (భుజాల వెనక ఉండే పలక ఎముకల) మధ్య వీపులో లాగుడు, సాయంత్రానికి మెడ పట్టేయడం చాలామంది చెప్తారు. హాస్టల్లో మంచం మీద పుస్తకం ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి చదివే ఇంటర్ పిల్లలకైతే మరీ ఎక్కువ. ఛాతీ నొప్పి అనగానే ఇంట్లో టెన్షన్ పడతారు, కానీ వేలితో చూపించగలిగి, నొక్కితే పెరిగి, వంగి కూర్చుంటే ఎక్కువయ్యే నొప్పి సాధారణంగా కండరాలది, కీళ్లది.

వ్యాయామం మొదలుపెట్టకముందు ఒక్క పని తప్పనిసరిగా చేయించండి, గుండెకి ఎకో, అంటే అల్ట్రాసౌండ్ స్కాన్. ఇందులో రాజీ పడకండి. ఛాతీలో గుంట, బాగా పొడుగు, సన్నం, ఈ మూడూ కలిసినప్పుడు మార్ఫాన్ సిండ్రోమ్ అనే జన్యు సమస్య ఉందేమో చూడాలి, అందులో గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం మొదట్లో వెడల్పు అయ్యే ప్రమాదం ఉంటుంది. ఇంట్లో కొన్ని గుర్తులు చూడొచ్చు. బొటనవేలు అరచేతిలోకి మడిచి పిడికిలి బిగిస్తే, బొటనవేలి గోరు చిటికెనవేలి పక్క నుంచి పూర్తిగా బయటికి వస్తోందా? ఒక చేతి మణికట్టుని రెండో చేతి బొటనవేలు, చిటికెనవేలితో చుట్టూ పట్టుకుంటే ఆ రెండు వేళ్ల కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయా? చేతులు బారగా చాచి కొలిస్తే మనిషి ఎత్తు కంటే బాగా ఎక్కువ వస్తోందా? చిన్నప్పటి నుంచీ కళ్లద్దాలు పెద్ద పవరుతో ఉన్నాయా? ఇవి రెండు మూడు కలిస్తే ఆ సంగతి డాక్టర్‌కి మీరే చెప్పండి. ఎకో వచ్చేదాకా బరువులు ఎత్తడం, ఊపిరి బిగబట్టి చేసే పనులు ఆపేయండి. విజయనగరం జిల్లా కొండవెలగాడలో బరువులెత్తే కుర్రాళ్లని చూసి మా వాడినీ వెయిట్‌లిఫ్టింగ్‌లో పెడదాం, ఛాతీ వస్తుంది అనుకునేవాళ్లు ఉంటారు, వాళ్లకి కూడా ఇదే మాట. పరుగులో కళ్లు తిరిగి పడిపోవడం, పరుగెత్తుతుండగా ఛాతీ నడుమ బిగుతుగా నొప్పి రావడం, ఉన్నట్టుండి ఒక పక్క పోటు వచ్చి ఊపిరి ఆడకపోవడం జరిగితే మాత్రం వ్యాయామాలూ ఫిజియోలూ తర్వాత, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. సన్నగా పొడుగ్గా ఉండే కుర్రాళ్లకి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిపోయే ప్రమాదం ఉంది, ఆ పోటు అదే కావొచ్చు.

ఎకో బాగుందనుకుందాం. అప్పుడు ఏం చేయాలో చెప్తాను.

"ఛాతీ ముందుకు విరిచి నిలబడు" అని మాత్రం నేర్పకండి. ఆర్మీ కోచింగుల్లో ఎక్కువగా ఇదే నేర్పుతారు. గుంట ఉన్న పిల్లాడు ఛాతీ విరిస్తే నడుం లోపలికి వంగిపోతుంది, కింది పక్కటెముకలు ఇంకా బయటికి పొడుచుకొస్తాయి, పదినిమిషాల్లో నడుం నొప్పి, తర్వాత మళ్లీ వంగిపోవడమే. నడినెత్తిన ఎవరో జుట్టు పట్టి మెల్లగా పైకి లాగుతున్నట్టు పొడుగ్గా అవ్వమనండి, గడ్డం కొంచెం లోపలికి, పక్కటెముకలు కిందికి, భుజాలు వాటంతట అవే వెనక్కి వెళ్తాయి. ఇలా నిలబడటం మొదట్లో అర నిమిషం కూడా కుదరదు, తప్పులేదు.

ఊపిరి వ్యాయామం అన్నిటికంటే ముందు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, రెండు చేతులూ కింది పక్కటెముకల పక్కన పెట్టుకోవాలి. ముక్కుతో పీల్చినప్పుడు ఆ పక్కటెముకలు పక్కలకి చేతుల్ని నెట్టాలి, భుజాలు చెవుల వైపు లేవకూడదు. తర్వాత నోటితో పీల్చినదానికి రెట్టింపు సేపు, పొట్ట లోపలికి వెళ్లేదాకా నెమ్మదిగా వదలాలి. వదిలేటప్పుడు పొడుచుకొచ్చిన పక్కటెముకలు కిందికి దిగడం చేతికి తెలుస్తుంది, అది తెలిసిన రోజు పిల్లాడి ముఖంలో ఆశ్చర్యం చూడాలి. పొద్దున్న అయిదు నిమిషాలు, రాత్రి అయిదు నిమిషాలు చాలు.

తర్వాత వీపు వదులు చేయడం. తుండుగుడ్డని గట్టిగా చుట్టి, చాప మీద, రెక్కల కింద అడ్డంగా వచ్చేటట్టు పెట్టుకుని వెల్లకిలా పడుకుని చేతులు తల వైపు చాచాలి, రెండు మూడు నిమిషాలు. పరుపు మీద చేస్తే ఉపయోగం లేదు, కిందికి దిగిపోతుంది. నులక మంచం మీద పడుకునే అలవాటుంటే గూని తగ్గేదాకా చాప మీదకి మార్చండి. గుమ్మంలో నిలబడి రెండు మోచేతులూ భుజాల ఎత్తులో ద్వారబంధానికి ఆనించి ఒక కాలు ముందుకు వేస్తే ఛాతీ ముందు కండరాలు సాగుతాయి. అరనిమిషం చొప్పున మూడుసార్లు.

బలం ఇవ్వాల్సింది వీపుకి. ఆర్మీకి సిద్ధమయ్యే పిల్లలు పుషప్స్ వందల్లో కొడతారు, జిమ్ముకి వెళ్తే బెంచ్ ప్రెస్ తప్ప ఇంకోటి చేయరు, గుంట కండతో నిండిపోతుందని నమ్మకం. ఛాతీ కండరాలు గుంటకి రెండు పక్కలా ఉంటాయి, మధ్యలో ఎముక మీద కండ పెరగదు. వీపు బలం లేకుండా ముందు కండరాలే పెంచితే భుజాలు ఇంకా ముందుకు లాగేస్తాయి. ఒక పుషప్ సెట్ చేస్తే రెండు సెట్లు వెనక్కి లాగే వ్యాయామం చేయాలని నేను చెప్తాను. దానికి ఖర్చు ఏమీ అక్కర్లేదు. సైకిల్ షాపులో పాత ట్యూబు అడిగి తెచ్చుకుని, కోసి, కిటికీ ఊచకి కట్టి, మోచేతులు పక్కలకి ఆనించి వెనక్కి లాగి, రెక్కలు రెండూ దగ్గరికి తెచ్చి మూడు సెకన్లు ఆపాలి. పదిహేను చొప్పున మూడుసార్లు. బోర్లా పడుకుని చేతులు తల పక్కగా ఏటవాలుగా చాచి బొటనవేళ్లు పైకి పెట్టి నేల మీద నుంచి ఎత్తడం ఇంకోటి. పొట్టకి ప్లాంక్ చేయించండి, అంటే మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లంతా తిన్నగా నిలపడం, నడుం కిందికి జారకుండా. భుజాలు ముందుకు జారకుండా చేయగలిగితే బీమ్ కొట్టడం (పుల్‌అప్స్) మంచిదే. ఈత వస్తే ఈత చాలా మంచిది, కానీ చొక్కా విప్పాలి కాబట్టి బలవంతం చేయకండి, వాడికి ధైర్యం వచ్చినప్పుడు వాడే వెళ్తాడు.

ఇవన్నీ కలిపి రోజుకి అరగంట. మూడు నెలలైతేగాని కంటికి తేడా కనిపించదు, పక్క నుంచి నెలకి ఒక ఫోటో తీసి పెట్టుకోండి, రోజూ అద్దంలో చూసుకుంటే నిరుత్సాహమే మిగులుతుంది. గుంట లోతు అంతే ఉంటుంది, కానీ భుజాలు విచ్చుకుని పక్కటెముకలు సర్దుకున్నాక చూసేవాళ్లకి సగం తగ్గినట్టు అనిపిస్తుంది, చొక్కా వేసుకుంటే తెలియనే తెలియదు.

గుంట ఎముకనే సరిచేయాలంటే దారులున్నాయి. తక్కువ లోతు, ఇంకా మెత్తగా ఉన్న ఛాతీ అయితే వాక్యూమ్ బెల్ అనే పరికరంతో రోజూ కొంతసేపు ఎముకని బయటికి పీలుస్తారు, నెలలూ ఏళ్లూ ఓపిక పట్టాలి, డాక్టర్ చూడకుండా ఆన్‌లైన్‌లో కొనేయకండి. బాగా లోతైతే ఆపరేషన్. సీటీ స్కాన్‌లో ఛాతీ లోపలి అడ్డం కొలతని, రొమ్ము ఎముకకీ వెన్నుకీ మధ్య దూరంతో భాగిస్తారు, దాన్ని హాలర్ ఇండెక్స్ అంటారు. అడ్డం 26 సెం.మీ., మధ్య దూరం 8 సెం.మీ. అయితే 3.25 వస్తుంది. మామూలు మనిషికి 2.5 దగ్గర ఉంటుంది, 3.25 దాటితే తీవ్రమైనదిగా లెక్కేసి, లక్షణాలు కూడా ఉంటే ఆపరేషన్ గురించి మాట్లాడతారు. అమెరికా డాక్టర్ డోనల్డ్ నస్ 1998లో ప్రచురించిన పద్ధతిలో పక్కల నుంచి చిన్న గాట్లు పెట్టి రొమ్ము ఎముక కింద వంపు తిరిగిన లోహపు పట్టీ పెడతారు, రెండు మూడేళ్ల తర్వాత తీసేస్తారు. పెద్ద ఆపరేషనే, నొప్పి ఉంటుంది, తొందరపడి ఒప్పుకోవాల్సింది కాదు, భయపడి పారిపోవాల్సిందీ కాదు. ఈ వయసులో ఎముక ఇంకా సాగుతుంది కాబట్టి అవసరమా కాదా అన్నది ఇప్పుడే తేల్చుకోవడం మంచిది. విశాఖ కేజీహెచ్‌లాంటి పెద్దాసుపత్రిలో గుండె, ఛాతీ సర్జన్‌కి ఒకసారి చూపించి అభిప్రాయం తీసుకోండి. ఆపరేషన్ అయినా పైన చెప్పిన వీపు వ్యాయామాలు ఎలాగూ చేయాలి, ఎముక పైకి వచ్చినంత మాత్రాన వాలిన భుజాలు వెనక్కి రావు.

ఛాతీ బయటికి పొడుచుకొచ్చిన పిల్లల సంగతి వేరు, వాళ్లకి ఎదిగే వయసులో బెల్టు లాంటి బ్రేస్‌తో చాలావరకు సర్దుకుంటుంది. చిన్నపిల్లలకి దొడ్డికాళ్లతో పాటు ఛాతీ ముందుకు వస్తే విటమిన్ డి, కాల్షియం చూపించాలి. ఆడపిల్లలు చున్నీతో కప్పుకుని అసలు ఎవరికీ చెప్పరు, పెళ్లిచూపుల టైముకి బయటపడి ఇంట్లో గొడవలు. ఆడపిల్లల తల్లులు దయచేసి పిల్లని ఒకసారి పైన చెప్పినట్టు ముందుకి వంగమని వెన్ను చూడండి.

ఇక ఆర్మీ. అగ్నివీర్ జీడీకి (జనరల్ డ్యూటీ సైనికుడికి) ఛాతీ 77 సెం.మీ. ఉండి, ఊపిరి పీల్చినప్పుడు ఇంకో 5 సెం.మీ. పెరగాలి. టైలర్ టేపు తెచ్చి ఇంట్లో కొలవండి, ముందు వాడు మామూలుగా వంగి నిలబడ్డప్పుడు, తర్వాత పొడుగ్గా నిలబడి పక్కటెముకలతో పీల్చినప్పుడు. వంగి ఉన్నప్పుడు మూడు దగ్గరే ఆగిపోయిన పిల్లలు సరిగ్గా పీల్చడం వచ్చాక అయిదు దాటడం నేను చూశాను. ఆ కొలతా, పరుగూ మనం మెరుగుపరచగలం. గుంట ఉన్నా తీసుకుంటారా లేదా అన్నది మెడికల్ బోర్డు డాక్టర్ల నిర్ణయం, గుండె మీద ఒత్తిడి ఉందా, శ్రమకి అడ్డమా అన్నది వాళ్లు చూస్తారు. "గ్యారంటీగా పాస్ చేయిస్తాం" అనే ఏజెంట్లకి రూపాయి కూడా ఇవ్వకండి. తమ్ముడికి ఆర్మీ భర్తీ ర్యాలీ ఒక్కటే దారి అన్నట్టు ఇంట్లో మాట్లాడకండి, ఇంటర్ చదువు వెనకపడకుండా చూడండి.

ఈ వారంలో ఎకో, హిమోగ్లోబిన్, ముందుకి వంగినప్పుడు వీపు ఒక పక్క ఎత్తుగా లేస్తే వెన్ను ఎక్స్‌రే చేయించండి. ఎకో రిపోర్టులో ఏముందో, గోడ దగ్గర ఎన్ని వేళ్ల సందు వచ్చిందో, టేపు కొలతలు రెండూ ఇక్కడే రాయండి. ఏ వ్యాయామం ముందు పెంచాలో అవి చూసి చెప్తాను. సీటీకి మాత్రం ఇప్పుడే తొందరపడకండి, సర్జన్ అడిగితేనే తీయించండి.